మొదటి పేజీ వెళ్తుంది, మూడో పేజీ దగ్గర తెగిపోతుంది

ప్రశ్న: నమస్తే సార్. మాది టెక్సాస్‌లో ఫ్రిస్కో. మావారి క్లినిక్‌లో ఫ్రంట్ ఆఫీస్ నేనే చూసుకుంటా. పాత రాగి తీగ లైన్‌కి బిల్లు మరీ ఎక్కువైపోయిందని తీసేసి ఇంటర్నెట్ ఫోన్ పెట్టించాం, ఒక చిన్న అడాప్టర్ డబ్బా ఇచ్చారు, ఫ్యాక్స్ మెషిన్ దానికే తగిలించాం. మాటలు చాలా క్లియర్‌గా వినిపిస్తాయి. బయటి నుంచి వచ్చే ఫ్యాక్సులు దాదాపు అన్నీ వస్తున్నాయి, మేం పంపేవే గొడవ. ఒక పేజీ అయితే వెళ్తుంది, పది పేజీల రికార్డ్స్ పెడితే మూడో పేజీ దగ్గరో నాలుగో పేజీ దగ్గరో కమ్యూనికేషన్ ఎర్రర్ అని తెగిపోతుంది. ఫోన్ కంపెనీవాళ్ళు లైన్ బాగుంది మెషిన్ చూపించుకోండి అంటారు, మెషిన్ రిపేర్ అతనేమో మెషిన్ బాగుంది లైన్ చూసుకోండి అంటాడు. మెషిన్‌లో తప్పులు సరిదిద్దే ఈసీఎం అనే సెట్టింగ్ ఆఫ్ చేస్తే సరిపోతుందని తెలిసినవాళ్ళు చెప్పారు. చేసేయమంటారా?

జవాబు: అమ్మా, ఈసీఎం మీద ఇప్పుడే చెయ్యి వేయకండి, ఎందుకో కింద చెప్తాను. వాళ్ళిద్దరూ చెప్పింది నిజమే, మెషిన్ బాగుంది, మాటల వరకు లైన్ కూడా బాగుంది. కాకపోతే మాటల కోసం కట్టిన దారిలో మనం మోడెమ్ శబ్దాన్ని పంపుతున్నాం, చిక్కంతా అక్కడే వస్తోంది.

ఇంటర్నెట్ ఫోన్ మన గొంతుని మామూలుగా 20 మిల్లీసెకన్ల ముక్కలు చేసి సెకనుకి 50 ప్యాకెట్ల చొప్పున పంపుతుంది. దారిలో ఒక ప్యాకెట్ పోయిందనుకోండి, అవతలి డబ్బా దాని ముందున్న శబ్దాన్నే కాస్త సాగదీసి ఖాళీని కప్పేస్తుంది, మన చెవికి తెలియనే తెలియదు. ఫ్యాక్స్ దగ్గర ఈ సర్దుబాటు కుదరదు. సెకనుకి 14400 బిట్ల స్పీడ్‌లో ఒక్క ప్యాకెట్ పోతే 288 బిట్లు గల్లంతు, పైగా ఆ ఖాళీలో పూడ్చిన దొంగ శబ్దానికి అవతలి మోడెమ్ లయ కూడా తప్పుతుంది. మీ మెషిన్‌కి స్పీకర్ ఉంటే డయల్ చేసేటప్పుడు ఒకసారి వినండి: మూడేసి సెకన్లకోసారి అర సెకను బీప్ వస్తుంది, అది మీ మెషిన్ నేను ఫ్యాక్స్‌ని అని చెప్పుకోవడం, 1100 హెర్ట్జ్. అవతల ఎత్తగానే మూడు సెకన్లపాటు సన్నటి కూత, 2100 హెర్ట్జ్. ఆ వెంటనే వచ్చే గరగర శబ్దంలో రెండు మెషిన్లూ 300 బిట్ల నెమ్మది స్పీడ్‌లో నాకింత వచ్చు నీకెంత వచ్చు అని మాట్లాడుకుని, ఒకటిన్నర సెకను ట్రైనింగ్ పంపి చూసుకుని, అది సరిగ్గా అందితేనే పేజీ మొదలుపెడతాయి. మీకు ఈ ఘట్టం ప్రతిసారీ బాగానే దాటుతోంది, లేకపోతే మొదటి పేజీ కూడా వెళ్ళేది కాదు. అంటే కోడెక్ (శబ్దాన్ని అంకెలుగా మార్చే పద్ధతి) పూర్తిగా తప్పుగా ఉండే అవకాశం తక్కువ, కాల్ సాగేకొద్దీ ఏదో పేరుకుపోతోంది.

ఆ పేరుకునేదేంటో చెప్తా. అడాప్టర్లలో, గేట్‌వేల్లో (ఇంటర్నెట్ ఫోన్‌ని మామూలు ఫోన్ నెట్‌వర్క్‌కి కలిపే డబ్బాల్లో) జిట్టర్ బఫర్ అని ఒకటి ఉంటుంది, మేడ మీద నీళ్ళ ట్యాంకు అనుకోండి, ప్యాకెట్లు ముందూ వెనకా వచ్చినా అందులో చేరి కిందకి మాత్రం ఒకే ధారగా దిగాలి. కానీ పంపే డబ్బా గడియారం, తీసుకునే డబ్బా గడియారం ఎప్పుడూ కచ్చితంగా ఒకే వేగంతో నడవవు. పాత డిజిటల్ ఎక్స్ఛేంజ్‌లన్నీ ఒకే గడియారానికి ముడిపడి ఉండేవి, ఇంటర్నెట్‌లో ఆ ముడి లేదు. తేడా పది లక్షల్లో 100 వంతులే అనుకున్నా 200 సెకన్లు గడిచేసరికి ఒక ప్యాకెట్ అంత తేడా వచ్చేస్తుంది, అప్పుడు ట్యాంకు ఖాళీ అవ్వాలి లేదా పొర్లాలి, ఏది జరిగినా ఫ్యాక్స్‌కి దెబ్బే. ఫైన్ మోడ్‌లో మెడికల్ రికార్డ్ పేజీకి దగ్గర దగ్గర నిమిషం పడుతుంది కాబట్టి మూడో నాలుగో పేజీకి దొరికిపోవడంలో వింతేం లేదు. అడాప్టివ్ బఫర్ అయితే ఇంకా కష్టం, అది నడి కాల్‌లో తన సైజు తనే మార్చుకుంటుంది.

సెట్టింగ్స్ కన్నా ముందు వైర్లు చూడండి, చాలామంది ఇది వదిలేసి మెనూల్లో పడతారు. ఫ్యాక్స్ వైర్ నేరుగా అడాప్టర్ ఫోన్ పోర్ట్‌లోకే వెళ్ళాలి, మధ్యలో స్ప్లిట్టర్, పాత డీఎస్ఎల్ ఫిల్టర్, సర్జ్ ప్రొటెక్టర్‌లోని ఫోన్ జాక్ ఏవీ వద్దు. గోడలోని ఫోన్ వైరింగ్‌కి అడాప్టర్‌ని కలిపి ఉంటే బయటి కంపెనీ లైన్‌ని దాన్నుంచి పూర్తిగా విడదీశారో లేదో కచ్చితంగా చూసుకోండి, రెండూ కలిసి ఉంటే అడాప్టర్ కాలిపోవచ్చు. అడాప్టర్ రౌటర్‌కి లాన్ కేబుల్‌తోనే ఉండాలి, వైఫై ఎక్స్‌టెండర్ మీద ఉంటే ముందు అది మార్చండి. క్లినిక్ కెమెరాలు గానీ కంప్యూటర్ బ్యాకప్ గానీ పగలంతా అప్‌లోడ్ అవుతుంటే ఒకసారి ఆపి పంపి చూడండి, ఎందుకంటే ఫ్యాక్స్ కాల్‌కి కావలసింది ఒక్కో వైపు సెకనుకి 90 కిలోబిట్ల లోపే, మీ నెట్ ఎంత స్పీడ్ అన్నది లెక్కలోకి రాదు, ప్యాకెట్లు వేళ తప్పకుండా వస్తున్నాయా అన్నదే ముఖ్యం. మీకు వచ్చేవి బాగుండి పంపేవే తెగుతున్నాయి కాబట్టి అప్‌లోడ్ వైపు అనుమానం ఇంకా ఎక్కువ.

తర్వాత అడాప్టర్ పేజీ. గ్రాండ్‌స్ట్రీమ్ హెచ్‌టీ801, 802 అయితే ఎఫ్ఎక్స్ఎస్ పోర్ట్ పేజీలో, సిస్కో ఎస్‌పీఏ112 అయితే లైన్ పేజీలో ఇవన్నీ ఉంటాయి, కంపెనీ పాస్‌వర్డ్ వేసి మూసేసి ఉంటే వాళ్ళచేతే మార్పించుకోండి, అది అడిగే హక్కు మీకుంది. కోడెక్ జి.711 ఒక్కటే ఉంచండి, అమెరికాలో మ్యూ-లా రకం, జి.729 లాంటి కుదించే కోడెక్‌లు తీసేయండి. సైలెన్స్ సప్రెషన్ (నిశ్శబ్దంలో ప్యాకెట్లు ఆపేసేది) ఆఫ్. ఎకో క్యాన్సిలర్ (ప్రతిధ్వని తీసేసేది) ఆ పోర్ట్‌కి ఆఫ్. జిట్టర్ బఫర్ ఫిక్స్‌డ్ చేసి కాస్త పెద్దది పెట్టండి. కాల్ వెయిటింగ్ ఆఫ్, పేజీ మధ్యలో ఆ బీప్ పడితే చాలు అంతా పోతుంది, సెట్టింగ్ దొరక్కపోతే అమెరికాలో చాలా లైన్ల మీద నంబరుకి ముందు స్టార్ 70 కొడితే ఆ కాల్ వరకు ఆగుతుంది. సిస్కో ఎస్‌పీఏ రకంలో అయితే కోడ్ ఎవరూ మార్చి ఉండకపోతే నంబరుకి ముందు స్టార్ 99 కొడితే ఆ ఒక్క కాల్ మోడెమ్ కాల్‌గా వెళ్తుంది, ఫోన్, ఫ్యాక్స్ రెండూ ఒకే పోర్ట్ మీద నడిపేవాళ్ళకి ఇది బాగా పనికొస్తుంది.

ఇక టి.38. ఇది ఇంటర్నెట్ మీద ఫ్యాక్స్ పంపడానికి అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ 1998లో ఇచ్చిన పద్ధతి, ఇందులో శబ్దాన్ని మోయరు. మీ అడాప్టరే మీ మెషిన్‌తో మోడెమ్‌లా మాట్లాడి, బిట్లు విప్పి డేటాగా పంపుతుంది, అవతలి గేట్‌వే దాన్ని మళ్ళీ శబ్దం చేసి ఆ మెషిన్‌కి వినిపిస్తుంది. ఒక్కో ప్యాకెట్‌లో దాని వెనకటి ప్యాకెట్ల కాపీ కూడా పెట్టుకుని వెళ్ళొచ్చు కాబట్టి ఒకటి పోయినా పని ఆగదు, గడియారాల గొడవ కూడా దాదాపు తప్పుతుంది. అయితే కాల్ మామూలు మాటల కాల్‌గానే మొదలవుతుంది, ఫ్యాక్స్ అని గుర్తుపట్టాక సాధారణంగా అందుకునే వైపున్న గేట్‌వే రీ-ఇన్వైట్ అనే సందేశం పంపి టి.38కి మారదాం అంటుంది. ఇప్పుడు మీ కేసు చూడండి. మీకు వచ్చే ఫ్యాక్సులకి ఆ మాట అడిగేది మీ అడాప్టరే, అవి వస్తున్నాయి. మీరు పంపేవాటికి అడగాల్సింది అవతలి వైపు గేట్‌వే, అది మీ కంపెనీదో లేక వాళ్ళు కాల్ అప్పజెప్పిన ఇంకో క్యారియర్‌దో అయ్యుంటుంది, అక్కడ ఎవరూ అడగకపోతే కాల్ చివరిదాకా శబ్దంగానే నడిచి మూడో పేజీలో పడిపోతుంది. నా అనుమానం ఎక్కువగా దీని మీదే. అందుకే కంపెనీకి ఫోన్ చేసినప్పుడు ఫ్యాక్స్ సపోర్ట్ ఉందా అని అడగకండి, ఎవరైనా ఉందనే అంటారు. నా అవుట్‌గోయింగ్ కాల్స్‌కి టి.38 క్యారియర్ దాకా ఉందా, లేక జి.711 పాస్‌త్రూ (శబ్దాన్ని శబ్దంగానే మోయడం) మాత్రమేనా అని అడగండి, ఫస్ట్ లైన్ సపోర్ట్‌లో అర్థం కాకపోతే టికెట్ పైకి పంపమనండి. వాళ్ళ దగ్గర లేదంటే అడాప్టర్‌లో కూడా టి.38 ఆపేసి పాస్‌త్రూ పెట్టుకోండి, ఒకవైపు అడిగి రెండోవైపు కాదనే పరిస్థితిలో కొన్ని అడాప్టర్లు తిరిగి మామూలు దారికి రాలేక కాల్‌నే పోగొడతాయి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. ఈసీఎం పేజీని 256 బైట్ల ఫ్రేములుగా కట్టి పంపి, పాడైపోయినవాటిని మాత్రం మళ్ళీ అడిగి తెప్పించుకుంటుంది. ఆఫ్ చేస్తే అడగడం ఉండదు కాబట్టి కాల్ తెగడం తగ్గుతుంది, పోయిన గీతలు మాత్రం పోయినట్టే. ఇక్కడ నాకు భయం. స్టాండర్డ్ రిజల్యూషన్‌లో అంగుళానికి 98 గీతలు, మందుల లిస్టులో మామూలు సైజు అంకె ఎత్తు పన్నెండు గీతలకి మించదు, 8 అంకెకి నడుమున ఉండే అడ్డగీత ఒకటి రెండు గీతల మందమే, అంత పోవడానికి ఒక్క ప్యాకెట్ పోతే చాలు. అవతల డాక్టర్ చేతికి వెళ్ళిన కాయితంలో 8 కాస్తా 0 అయి కూర్చుంటుంది, మీ రిపోర్ట్ షీట్‌లో మాత్రం ఓకే అనే ఉండొచ్చు. తెగిపోయిన ఫ్యాక్స్‌ని మీరు మళ్ళీ పంపుతారు, తప్పుగా చేరిన ఫ్యాక్స్ గురించి మీకెవరు చెప్తారు? పేషెంట్ కాయితాలకి ఈసీఎం ఆన్‌లోనే ఉండాలి, ఈ విషయంలో నేను రాజీ పడను.

ఆఫ్ చేస్తే బాగైందని అంతమంది చెప్పడానికి ఇంకో కారణం కూడా ఉంది. 33600 స్పీడ్ సూపర్ జీ3 ఫ్యాక్స్‌కి ఈసీఎం తప్పనిసరి, కాబట్టి ఈసీఎం ఆపగానే మెషిన్ దానంతటదే 14400కి దిగుతుంది, బాగుపడింది చాలాసార్లు ఆ దిగడం వల్లే. ఆ పని ఈసీఎం ముట్టుకోకుండా నేరుగానే చేయొచ్చు. హెచ్‌పీ మెషిన్లలో ఫ్యాక్స్ స్పీడ్ ఫాస్ట్ నుంచి మీడియంకి, అది చాలకపోతే స్లోకి మార్చండి, అంటే 14400, ఆ తర్వాత 9600. బ్రదర్‌లో కంపాటిబిలిటీ అని ఉంటుంది, హై నుంచి నార్మల్‌కి మార్చండి, దాంట్లో ఇంటర్నెట్ ఫోన్ కోసమని రాసి ఉన్న బేసిక్ పెడితే ఈసీఎం కూడా ఆగిపోతుంది, పేరు చూసి అదే నొక్కేయకండి. పెద్ద రికార్డ్స్‌ని మూడేసి పేజీల కట్టలుగా పంపండి, ప్రతి కట్ట మీద పేషెంట్ వివరాలతో పాటు మొత్తం ఎన్నిట్లో ఇది ఎన్నోదో రాయండి. ల్యాబ్ రిపోర్టులు, మందుల లిస్టులు ఫైన్‌లో, మామూలు ఫారాలు స్టాండర్డ్‌లో. ఒకసారికి ఒక్క మార్పే చేసి, అదే నంబర్‌కి అవే పేజీలు పంపి చూస్తే ఏది పనిచేసిందో తేలుతుంది.

ప్రశ్న: నేను వరంగల్‌లో ఇంజినీరింగ్ చదువుతున్నాను. అమెరికా హాస్పిటళ్ళు ఇంకా ఫ్యాక్స్ వాడటమేంటండీ, ఈమెయిల్ లేదా వాళ్ళకి?

జవాబు: ఉంది తమ్ముడూ, ఒక హాస్పిటల్ సాఫ్ట్‌వేర్ ఇంకో హాస్పిటల్ సాఫ్ట్‌వేర్‌తో సరిగ్గా మాట్లాడకపోవడమే అసలు కారణం. ఫ్యాక్స్ నంబర్ ఒక్కటుంటే ఎవరు ఏ సాఫ్ట్‌వేర్ వాడినా కాయితం చేరుతుంది. పేషెంట్ సమాచారం గోప్యత చూసే 1996 నాటి హిపా చట్టం తగిన జాగ్రత్తలతో ఫ్యాక్స్‌ని ఒప్పుకుంటుంది, మామూలు ఈమెయిల్ అంటే అక్కడి ఆఫీసులకి భయం ఎక్కువ. 2018లో మెడికేర్ చూసే సీఎంఎస్ సంస్థ అధిపతి సీమా వర్మ 2020 కల్లా డాక్టర్ల ఆఫీసుల్లో ఫ్యాక్స్ ఉండకూడదని పిలుపిచ్చారు, ఇంగ్లండ్ ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్‌లో 2019 జనవరి నుంచి కొత్త ఫ్యాక్స్ మెషిన్లు కొనడమే నిషేధించారు. అమెరికాలో మాత్రం ఇంకా పోలేదు, మెషిన్ పోయినచోట కూడా ఫ్యాక్స్ మెషిన్లు మాట్లాడుకునే అదే టి.30 పద్ధతిలో కంప్యూటర్ నుంచి పోతోంది.

ప్రశ్న: సార్, మేం హైదరాబాద్‌లో మెడికల్ బిల్లింగ్ చేస్తాం. అమెరికాలో ఉన్న క్లయింట్ నంబర్ మీద ఒక అడాప్టర్ ఇక్కడ మా ఆఫీసులోనే పెట్టి అప్పీల్ లెటర్లు ఫ్యాక్స్ చేస్తున్నాం. అన్ని నంబర్లకీ పర్వాలేదు, ఒక్క ఇన్సూరెన్స్ కంపెనీ నంబర్‌కి మాత్రం ఎప్పుడూ ఫెయిలే. వాళ్ళ మెషిన్ చెడిపోయిందనుకోవాలా?

జవాబు: అనుకోకండి, ముందు తేల్చుకోండి. అదే కాయితం క్లయింట్ క్లినిక్ నుంచి, వేరే కంపెనీ లైన్ మీద ఆ నంబర్‌కి పంపమనండి. వెళ్ళిందంటే అవతలి మెషిన్ శుభ్రంగా ఉన్నట్టు, మీ కాల్ వెళ్ళే దారిదే తప్పు. ఫోన్ కంపెనీలు కాల్‌ని ఏ క్యారియర్ చౌకగా మోస్తే వాళ్ళకి అప్పజెప్తాయి, నంబర్‌ని బట్టి దారి మారుతుంది, వాటిల్లో ఒకరు మధ్యలో శబ్దాన్ని కుదించి మళ్ళీ విప్పుతుంటే మీ అడాప్టర్‌లో జి.711 పెట్టుకున్నా లాభం లేదు. ఇది మీరు సరిచేయగలిగేది కాదు, కంపెనీతో ఆ నంబర్‌కి రూట్ మార్పించాలి. టికెట్‌లో డయల్ చేసిన నంబర్, కాల్ ఎన్ని సెకన్లు నడిచింది, ఎవరు పెట్టేశారు, టైమ్ ఇవన్నీ రాయండి. టైమ్ యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో) రాయండి, మనకీ న్యూయార్క్‌కీ ఎండాకాలం తొమ్మిదిన్నర గంటలు, చలికాలం పదిన్నర గంటలు తేడా, ఇక్కడి టైమ్ రాస్తే వాళ్ళు లాగ్‌లో వేరే కాల్ చూసి అంతా బాగుందని మూసేస్తారు. సిప్ ట్రేస్ (కాల్ కుదిర్చే సందేశాల రికార్డు) తీయగలిగితే మరీ మంచిది, రీ-ఇన్వైట్ వచ్చిందా, దానికి 488 అని తిరస్కారం వెళ్ళిందా అన్నది అందులో స్పష్టంగా కనిపిస్తుంది.

అయితే అసలు అడాప్టర్‌ని హైదరాబాద్‌లో పెట్టడమే నాకు నచ్చలేదు. అమెరికా వెళ్ళి రావడానికి ప్యాకెట్‌కి పావు సెకను పడుతుంది, ఫ్యాక్స్ మూడు సెకన్లు ఆగుతుంది కాబట్టి ఆలస్యం వరకు సర్దుకుంటుంది, కానీ అంత పొడుగు దారిలో పోయే ప్యాకెట్లకి మందు లేదు. డబ్బా క్లయింట్ క్లినిక్‌లోనే ఉంచండి, లేదా మీరు ఫైల్‌ని హెచ్‌టీటీపీఎస్ మీద అప్‌లోడ్ చేస్తే అమెరికాలో ఉన్న సర్వర్ అక్కడి నుంచి ఫ్యాక్స్ చేసే సర్వీస్ తీసుకోండి. ఫైల్ పూర్తిగా చేరిందాకా నెట్ ఎన్నిసార్లయినా మళ్ళీ పంపుకుంటుంది, శబ్దం పని అక్కడి నుంచే మొదలవుతుంది. తీసుకునే ముందు ఆ సర్వీస్‌వాళ్ళు హిపా కింద బిజినెస్ అసోసియేట్ అగ్రిమెంట్ (పేషెంట్ సమాచారం కాపాడతామనే ఒప్పందం) మీద సంతకం పెడతారో లేదో అడగండి, పెట్టకపోతే పేషెంట్ కాయితం ఒక్కటి కూడా దాంట్లో పంపొద్దు.

ప్రశ్న: విశాఖలో మాది షిప్పింగ్ ఏజెన్సీ. పాత ల్యాండ్‌లైన్‌ని అదే నంబర్‌తో ఫైబర్‌కి మార్చారు. మా దగ్గర అడాప్టర్ ఏదీ లేదు, ఫోన్ మామూలుగానే ఉంది, ఫ్యాక్స్ మాత్రం అవతల ఎత్తి కూత వినిపించాక ఆగిపోతుంది, ఒక్క పేజీ కూడా వెళ్ళదు. విదేశాలకైతే అస్సలు కుదరట్లేదు.

జవాబు: అడాప్టర్ ఉందండీ, ఫైబర్ వచ్చి చేరే, గోడకి పెట్టిన ఓఎన్‌టీ డబ్బాలోనే ఉంది. దాని వెనక ఫోన్ పోర్ట్ దాటగానే మీ శబ్దం ప్యాకెట్లైపోతుంది. ఫ్రిస్కో పాఠకురాలికి మధ్యలో తెగుతోంది, మీకు మొదట్లోనే ఆగుతోంది, కాబట్టి వెతకాల్సిన చోటు వేరు: కోడెక్, ఎకో క్యాన్సిలర్, టి.38కి మారే ఘట్టం, ఈ మూడే. ఓఎన్‌టీ సెట్టింగ్స్ మీ చేతిలో ఉండవు, లైన్‌మన్‌కి చెప్తే లాభం లేదు, ఎక్స్ఛేంజ్‌లో వాయిస్ చూసే వాళ్ళతో మాట్లాడి ఆ పోర్ట్‌కి జి.711 ఏ-లా ముందుండేలా, ఫ్యాక్స్ మోడ్ ఆన్ అయ్యేలా చేయించుకోండి, మన దేశంలో మ్యూ-లా కాదు ఏ-లానే వాడేది. ఈలోగా మీ వైపు నుంచి ఓఎన్‌టీకి ఫ్యాక్స్ ఒక్కటే తగిలించి, దానితో కలిపి పెట్టిన ప్యారలల్ ఫోన్లు తీసి, స్పీడ్ 9600కి దించి చూడండి. విదేశీ కాల్స్‌కి మెషిన్‌లో ఓవర్సీస్ మోడ్ ఉంటే అది వేయండి. ఇంకోటి, రాగి తీగలో ఎక్స్ఛేంజ్ నుంచి కరెంట్ వచ్చేది, ఫైబర్‌లో రాదు, కాబట్టి ఆఫీసులో ఫ్యాక్స్ మెషిన్‌కి ఉన్న యూపీఎస్‌లోనే ఓఎన్‌టీ ప్లగ్ కూడా పెట్టించండి, కరెంట్ పోయినప్పుడు ఒకటి వెలిగి ఒకటి ఆరిపోతే బయటినుంచి పంపేవాళ్ళకి మీ నంబరే పనిచేయట్లేదని వినిపిస్తుంది.